పిల్లర్‌లోకి బీమ్ రాడ్ ఎంత పోవాలి? తొమ్మిదంగుళాల ఎల్ ఎందుకు చాలదు?

మీ ప్రశ్న సారాంశం ఇది. కర్నూలు శివార్లలో జీ ప్లస్ 2 ఇల్లు. 12 పిల్లర్లు, అన్నీ 9 బై 12 (230 × 300 ఎంఎం). బీములు 230 × 450. చివరి పిల్లర్ల దగ్గర బీమ్‌లో పైన మూడు 16 ఎంఎం రాడ్లు, కింద మూడు 12 ఎంఎం రాడ్లు. కాంక్రీట్ ఎం 25, స్టీలు ఎఫ్ఈ 500డి. పునాది, ప్లింత్ అయిపోయాయి, గ్రౌండ్ ఫ్లోర్ పిల్లర్లు ఇంకా పోయలేదు. డ్రాయింగ్‌లో పై రాడ్ల ఎల్ కాలు (పిల్లర్‌లోకి వెళ్లాక వంచిన భాగం) 575 ఎంఎం అని ఉంది. రాడ్ మేస్త్రీ మాత్రం తొమ్మిదంగుళాలు వంచితే చాలంటున్నాడు, జాయింట్ (బీమ్, పిల్లర్ కలిసే చోటు) లోపల రింగులు పట్టవంటున్నాడు. మనది జోన్ 2 కదా, ఇదంతా అవసరమా అని మీ సందేహం.

ముందు సూటిగా జవాబు. తొమ్మిదంగుళాలు చాలదు, భూకంపం మాట ఎత్తకుండా లెక్క వేసినా చాలదు. జాయింట్‌లో రింగులు పడతాయి, కాకపోతే రాడ్లు కట్టే వరస మార్చాలి. మీ డ్రాయింగ్‌లోని 575 కూడా సగం బీములకే సరిపోతుంది. ఇది మీ ఇంజనీర్‌తో తప్పకుండా మాట్లాడాల్సిన విషయం. పిల్లర్లు పోయకముందే అడిగారు కాబట్టి అన్నిటికీ దారి ఉంది.

జోన్ సంగతి. 2016 నాటి ఐఎస్ 1893 (భూకంప కోడ్) పటంలో కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతం చాలావరకు జోన్ 2, అంటే జోన్ ఫ్యాక్టర్ 0.10. ఐఎస్ 13920 (డక్టైల్ డీటెయిలింగ్ కోడ్, అంటే భూకంపంలో విరగకుండా సాగేలా రాడ్లు కట్టే పద్ధతి చెప్పేది) జోన్ 3, 4, 5లకే తప్పనిసరి. కాబట్టి కోడ్ పరంగా మీకు వెసులుబాటు ఉంది. కానీ ఆ వెసులుబాటు ఊరికే రాదు. సాఫ్ట్‌వేర్‌లో డిజైన్ చేసేటప్పుడు ఆర్ అనే విలువ ఒకటి పెడతారు. మామూలు ఫ్రేముకు 3, డక్టైల్ డీటెయిలింగ్ ఉన్న ఫ్రేముకు 5. 5 పెడితే బిల్డింగ్ మీద లెక్కించే భూకంప బలం 3తో వచ్చేదాంట్లో 60 శాతమే అవుతుంది. స్టీలు తగ్గుతుంది, ఓనరుకూ సంతోషమే. అయితే 5 పెట్టిన క్షణం నుంచి ఐఎస్ 13920లో ఉన్నదంతా చేస్తామని ఒప్పుకున్నట్టే. ఆర్ 5 పెట్టి, సైట్లో తొమ్మిదంగుళాల ఎల్‌లు వంచి, జాయింట్‌లో రింగులు ఎగ్గొడితే రెండు వైపులా నష్టపోయినట్టు. మీ ఇంజనీర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఆర్ ఎంత తీసుకున్నారు? 5 అంటే ఇంకో చిక్కు కూడా ఉంది. 2016 ప్రచురణలో పిల్లర్ కనీస కొలత 300 ఎంఎం, లేదా అందులోకి వచ్చే బీమ్ రాడ్లలో అన్నిటికన్నా లావు రాడ్ వ్యాసానికి 20 రెట్లు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. 9 బై 12 పిల్లర్ ఆ మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

జోన్ 2 అంటే భూకంపం రాదని కాదు. 1993 సెప్టెంబర్ 30న లాతూరు జిల్లా కిల్లారిలో భూమి కంపించినప్పుడు, అప్పటి పటంలో ఆ ఊరు అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 1లో ఉంది. 2002లో ఆ జోన్ 1నే తీసేసి 2లో కలిపారు. పటం చెప్పేది తీసుకోవాల్సిన బలం ఎంత అని. రాడ్ ఊడకుండా పట్టుకోవడమనేది ఏ జోన్‌లోనైనా కావాల్సిందే.

ఇక లెక్క. రాడ్ తన పూర్తి బలం దాకా లాగబడినా కాంక్రీట్ నుంచి ఊడి రాకుండా ఉండటానికి కావాల్సిన పొడవును డెవలప్‌మెంట్ లెంగ్త్ అంటాం. ఐఎస్ 456 (కాంక్రీట్ కోడ్) ప్రకారం ఎఫ్ఈ 500 గాడి రాడ్‌కు ఎం 20 కాంక్రీట్‌లో ఇది రాడ్ వ్యాసానికి సుమారు 57 రెట్లు, ఎం 25లో 49, ఎం 30లో 45. మీ 16 ఎంఎం రాడ్‌కు ఎం 25లో 777 ఎంఎం. చివరి పిల్లర్‌లో ఆగిపోయే బీమ్ రాడ్‌కు ఐఎస్ 13920 దీని మీద ఇంకో 10 రెట్ల వ్యాసం, అంటే 160 ఎంఎం కలపమంటుంది. 90 డిగ్రీల వంపు ఇచ్చే పట్టుకు 8 రెట్లు, అంటే 128 ఎంఎం తీసేయొచ్చు. 777 + 160 − 128 = 809 ఎంఎం. ఇది పిల్లర్ లోపలి ముఖం నుంచి రాడ్ కొస దాకా, రాడ్ వెంట కొలిచే పొడవు.

ఆ పదింతలు ఎందుకంటే, భూకంపంలో బీమ్ రాడ్ పిల్లర్ ముఖం దగ్గర సాగిపోతుంది. ఊపు అటూ ఇటూ మారే కొద్దీ ఆ సాగుడు పిల్లర్ లోపలికి పాకుతుంది. అది పాకినంత మేరా కాంక్రీట్ పట్టు వదులుతుంది. కాబట్టి ముఖం దగ్గరి మొదటి కొన్ని అంగుళాలను పట్టు లెక్కలో వేసుకోలేం.

ఇప్పుడు ఈ 809ని మీ పిల్లర్‌లో పెట్టి చూద్దాం. 12 అంగుళాల వైపు నుంచి వచ్చే బీమ్ అయితే, 300లో అవతలి కవర్ (స్టీలు మీది కాంక్రీట్ మందం) 40, రింగు 8, పిల్లర్ రాడ్ 16 తీసేస్తే రాడ్ అడ్డంగా పోగలిగేది 236. మిగిలిన 573 కాలు. డ్రాయింగ్‌లో 575 ఇందుకే వచ్చింది. 9 అంగుళాల వైపు నుంచి వచ్చే బీమ్‌కు 230లో 166 మాత్రమే దొరుకుతుంది, కాలు 643 కావాలి. డ్రాయింగ్‌లో రెంటికీ ఒకే అంకె ఉందంటే రెండో దిక్కు బీములను ఎవరూ విడిగా చూడలేదన్నమాట.

మేస్త్రీ చెప్పే తొమ్మిదంగుళాల కాలు, అంటే సుమారు 225 ఎంఎం, మంచి దిక్కులోనే (12 అంగుళాల వైపు) చూద్దాం. 236 + 225 + వంపుకు 128 = 589. కావాల్సిన 937 (777 + 160)లో ఇది 63 శాతం. భూకంపపు పదింతలు తీసేసి మామూలు 777తో పోల్చినా ముప్పావు వంతే. ఆయన చెప్పేది పూర్తిగా గాలి మాటేం కాదు. ఒకప్పుడు చిన్న గదులకు 10, 12 ఎంఎం రాడ్లు వాడిన రోజుల్లో ఆ తొమ్మిదంగుళాలు చాలాచోట్ల నెట్టుకొచ్చాయి. రాడ్ లావెక్కి, స్టీలు గ్రేడు పెరిగి, పిల్లర్ మాత్రం గోడలో కలిసిపోవాలని తొమ్మిదంగుళాల దగ్గరే ఉండిపోయింది. అలవాటు అక్కడే ఆగింది.

కాలు ఎటు వంగాలి, ఎక్కడ ఉండాలి అన్నది పొడవంత ముఖ్యం. పై రాడ్ కాలు కిందికి, కింది రాడ్ కాలు పైకి, రెండూ జాయింట్ మధ్యలోకే చూడాలి. రెండూ పిల్లర్ అవతలి వైపు రాడ్ల దాకా పోయి, వాటికి లోపలి పక్కన వంగాలి. పై రాడ్ లాగినప్పుడు దాని వంపు లోపల కాంక్రీట్ నొక్కుకుంటుంది. ఆ నొక్కుడు జాయింట్‌లో మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా దిగి, బీమ్ అడుగున ఉన్న ఒత్తిడితో కలుస్తుంది. జాయింట్ నిలబడేది ఈ ఏటవాలు పట్టీ మీదనే. వంపు పిల్లర్ నడిమధ్యలో ఉంటే పట్టీ పొట్టిదై నిలువుగా తిరిగిపోతుంది, సగం జాయింట్ ఊరికే పక్కన ఉండిపోతుంది. కింది రాడ్‌ను కిందికే వంచి పిల్లర్‌లోకి దించేవాళ్లు ఉన్నారు, అప్పుడు పట్టీకి ఆనుకునే చోటే ఉండదు. ఇంకొందరు కింది రాడ్‌ను పిల్లర్‌లోకి ఆరంగుళాలు తిన్నగా దూర్చి వదిలేస్తారు. మామూలు బరువులకు చివర్లో కింది రాడ్‌కు లాగుడు పెద్దగా ఉండదు కాబట్టి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. ఊపు ఎదురు తిరిగిన రోజు ఆ రాడ్ మెత్తని గోడలోంచి మేకు వచ్చినట్టు వచ్చేస్తుంది.

కింది 12 ఎంఎం రాడ్లకు లెక్క ఇది: 582 + 120 − 96 = 606. 12 అంగుళాల దిక్కులో కాలు 370, హాయిగా పడుతుంది. 9 అంగుళాల దిక్కులో 440 కావాలి, కింద కవరు, రింగు కలిపి 33 ఎంఎం పైనుంచి మొదలైతే కొస స్లాబ్ మీదికి అంగుళం తేలుతుంది. పై అంతస్తు పిల్లర్ ఉంటే దాని రాడ్ల మధ్యలోకి పోతుంది, ఫర్వాలేదు. చివరి మిద్దె దగ్గర అలా పోవడానికి చోటు ఉండదు.

పై రాడ్ల కాలుది ఇంకా పెద్ద చిక్కు. బీమ్ లోతు 450. పై కవరు, రింగు కలిపి 33 దిగి రాడ్ మొదలవుతుంది. 573 కాలు అంటే కొస బీమ్ పై అంచు నుంచి 606 కిందికి, అంటే బీమ్ అడుగు కన్నా 156 ఎంఎం కిందికి వస్తుంది. రెండో దిక్కులో 226. పిల్లర్‌ను బీమ్ అడుగు దాకా ముందే పోసేస్తే ఆ కాలు ఎక్కడికి పోతుంది? గట్టిపడిన కాంక్రీట్‌ను తాకి ఆగుతుంది. అప్పుడు మేస్త్రీ గ్యాస్ కట్టరో రాడ్ కట్టరో తీస్తాడు. సగం సైట్లలో ఎల్ పొట్టిదవడానికి అసలు కారణం ఇది, మేస్త్రీ మొండితనం కాదు. డ్రాయింగ్‌లో పొడవు రాసి, పిల్లర్ ఎక్కడిదాకా పోయాలో రాయకపోవడం.

మీకున్న దారులు ఇవి. ఇంజనీర్ ఒప్పుకుంటే ఒకటి కన్నా ఎక్కువ కలపొచ్చు.

మీరు ఉన్న దశలో తేలికైనది, పిల్లర్ కాంక్రీట్‌ను బీమ్ అడుగుకు 250 ఎంఎం కిందనే ఆపడం. ఆ 250ని బీమ్, స్లాబ్‌తో పాటు పోయాలి. రెండు దిక్కుల కాళ్లూ అందులో పడతాయి. పిల్లర్ సెంట్రింగ్ పెట్టెను ఆ పైముక్క వరకు ఉంచాలి, లేదా మళ్లీ బిగించాలి. ఆపిన చోట పైనున్న పాల పొరను గట్టిపడ్డాక చిప్పింగ్ చేసి, కంకర కనిపించేలా చేసి, కడిగి, తడిగా ఉంచి పోయాలి. నీళ్లు నిలవకూడదు. ఆ 250లో కూడా రింగులు దగ్గరగానే ఉండాలి, ఎందుకంటే అది పిల్లర్‌ను వంచే బలం ఎక్కువగా పడే చోటు.

రెండోది రాడ్ సన్నబరచడం. పైన 16 బదులు 12 ఎంఎం వాడితే 12 అంగుళాల దిక్కులో కాలు 370కి దిగుతుంది, కొస బీమ్ లోతులోనే ఆగుతుంది. మూడు 16లు 603 చదరపు ఎంఎం, దానికి బదులు ఆరు 12లు 679. అవి రెండు వరసల్లో పెట్టాలి, రెండో వరస వల్ల బీమ్ పనికొచ్చే లోతు కొంచెం తగ్గుతుంది. ఇంజనీర్ మళ్లీ లెక్క చూడకుండా మార్చొద్దు.

మూడోది పిల్లర్‌ను బీమ్ దిక్కులో పొడిగించడం. బీమ్ దిక్కున పిల్లర్ 450 ఉంటే అడ్డంగా 386 దొరుకుతుంది, 16 ఎంఎం రాడ్ కాలు 423కి దిగి, కొస దాదాపు బీమ్ అడుగు దగ్గరే ఆగుతుంది. పునాది పోసేశారు కాబట్టి మీకు ఇది కష్టం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నా సలహా ఇదే. గోడ బయటికి మూడంగుళాలు పిల్లర్ కనిపిస్తే ఇంటి అందం పోతుందనే మాట పక్కన పెట్టండి.

కాంక్రీట్ గ్రేడు పెంచితే లాభం తక్కువ. ఎం 30కి వెళ్తే 16 ఎంఎం రాడ్‌కు 52 ఎంఎం కలిసొస్తుంది, అంతే. అదే సైట్లో నీళ్లు ఎక్కువ కలిపి ఎం 25ని ఎం 20కి దించేస్తే 777 కాస్తా 906 అవుతుంది. డ్రాయింగ్‌లో ఏమీ మారదు, రాడ్ పట్టు మాత్రం 130 ఎంఎం పొట్టిదైనట్టే. కర్నూలు ఎండలో మధ్యాహ్నం పోస్తే మిక్స్ అరగంటలో బిగుసుకుంటుంది, వెంటనే ఎవరో పైపు పట్టుకుంటారు. మార్చి నుంచి జూన్ దాకా స్లాబ్ పని తెల్లవారుజామునే మొదలుపెట్టండి. మెత్తదనం కావాలంటే అడ్మిక్చర్ (కాంక్రీట్‌ను జారుగా చేసే రసాయనం) వేయాలి, నీళ్లు కాదు.

కాలు పొట్టిదైందని దాన్ని పిల్లర్ రాడ్‌కు వెల్డింగ్ చేయడం, పక్కకు తిప్పి స్లాబ్‌లోకి వంచడం, వంచినదాన్ని సుత్తితో సాపు చేసి మళ్లీ వంచడం, ఇవేవీ ఒప్పుకోవద్దు. టీఎంటీ రాడ్ బయటి పొర గట్టిది, లోపల మెత్తన. వేడి చేసినా, తిరగవంచినా ఆ పొరే ముందు దెబ్బతింటుంది. వంపును లావు మేకు చుట్టూ వంచాలి. లోపలి వ్యాసం రాడ్‌కు ఆరింతలు ఉండేలా చూసుకోండి, 16 ఎంఎంకు సుమారు 100 ఎంఎం. మొనదేలినట్టు వంచితే లోపలి కాంక్రీట్ నలిగిపోతుంది. రాడ్ వంపు బయటి పక్క సన్నని చీలికలు కనబడితే ఆ ముక్క పక్కన పడేయండి.

వెడల్పు సంగతి డ్రాయింగ్‌లలో ఎక్కడా రాయరు, సైట్లో మాత్రం రోజూ తగులుతుంది. మీ బీమ్ వెడల్పు 230, దాని దిక్కుకు అడ్డంగా పిల్లర్ వెడల్పూ 230. పిల్లర్ కవరు 40, రింగు 8, మూల రాడ్ 16, ఇటు 64, అటు 64. మధ్యలో మిగిలేది 102 ఎంఎం. మూడు 16 రాడ్లు 48 పోతే, రెండు సందులకు 54 మిగులుతుంది. 20 ఎంఎం కంకరకు సందు కనీసం 25 ఉండాలి. అంటే సరిగ్గా పట్టింది, కానీ బయటి రెండు బీమ్ రాడ్లు పిల్లర్ రాడ్లకు ఆనుకునే ఉంటాయి. మొత్తం మీద నాలుగు మిల్లీమీటర్లు మించి తేడా వస్తే పట్టదు. అందుకే మేస్త్రీలు ఆ రాడ్లను పిల్లర్ రాడ్‌కు బయటి పక్కకు, కవరులోకి తోస్తారు. ఇది చాలా చెడ్డ పని. ఆ రాడ్‌ను రింగు చుట్టుకోలేదు. లాగుడు పడ్డప్పుడు బయటి కవరు పెచ్చులా ఊడిపోతుంది, రాడ్ గాల్లో ఉన్నట్టే. అలా చేయకుండా బీమ్ రాడ్‌ను పిల్లర్‌కు కొంచెం ముందు నుంచే ఆరుకు ఒకటి ఏటవాలుగా లోపలికి తిప్పి, పిల్లర్ రాడ్ల లోపలినుంచి పంపాలి. ఆ వంపు దగ్గర బీమ్ రింగు ఒకటి అదనంగా పెట్టాలి. జాయింట్‌కు వాడే కాంక్రీట్‌లో 20 బదులు 12 ఎంఎం కంకర వేయించండి. 25 ఎంఎం సూది వైబ్రేటర్ ఒకటి దగ్గర ఉంచుకోండి, లావు సూది ఆ సందుల్లో దూరదు.

మూల పిల్లర్ల దగ్గర రెండు దిక్కుల నుంచి ఒకే ఎత్తులో బీములు వస్తాయి. ఒకదాని పై రాడ్లు ఇంకోదాని కింద పోక తప్పదు. ఏది పైన, ఏది కింద అని ముందే రాసుకోండి. పెద్ద స్పాను బీమ్ రాడ్లు పైన ఉండాలి. పై రాడ్ల కాళ్లు, కింది రాడ్ల కాళ్లు కూడా పిల్లర్ వెనక వైపు ఒకే చోటికి వచ్చి గుద్దుకుంటాయి. పై రాడ్ కాలును బయటి వరసలో పెట్టి, కింది రాడ్ కాలును దానికి 25 ఎంఎం ఇవతలగా పెట్టండి. అలా పెడితే కింది రాడ్ అడ్డపొడవు 40 దాకా తగ్గుతుంది, ఆ మేరకు కాలు పెంచి కోయండి.

ఇక రింగులు. జాయింట్‌లోకి రాడ్ ఎంత పోయినా, చుట్టూ రింగు లేకపోతే ఆ ఏటవాలు పట్టీ పక్కలకు పగిలిపోతుంది, లోపలి పిల్లర్ రాడ్లు బయటికి ఉబ్బుతాయి. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో అంత దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూడా కింద పార్కింగ్ ఖాళీగా వదిలిన అపార్ట్‌మెంట్లు కూలాయి. అలాంటి ఫ్రేములకు పిల్లర్ల పై కొసలూ, జాయింట్లే ప్రాణం. మీ ఇంటికి కూడా కింద గోడలు లేని పార్కింగ్ ఉంటే దీన్ని ఇంకా గట్టిగా పట్టుకోండి.

ఐఎస్ 13920 ప్రకారం జాయింట్‌లో రింగు దూరం పిల్లర్ చిన్న కొలతలో నాలుగో వంతు, పిల్లర్ రాడ్లలో సన్నదాని వ్యాసానికి ఆరు రెట్లు, 100 ఎంఎం, ఈ మూడింట్లో తక్కువైనది. నాలుగు ముఖాలకూ పిల్లర్ వెడల్పులో ముప్పావు వంతుకు తగ్గని బీములు వచ్చే మధ్య పిల్లర్లకు కొంత సడలింపు ఉంది. చివరి, మూల పిల్లర్లకు లేదు. మీ 230 పిల్లర్‌కు దూరం 57 ఎంఎం వస్తుంది. రాడ్ల రద్దీలో అంత దగ్గర కాంక్రీట్ దూరదు, 9 అంగుళాల పిల్లర్ ఈ పనికి చిన్నదని ఇది ఇంకో సాక్ష్యం. ఆర్ 3తో, జోన్ 2లో మీరు 75 ఎంఎంకు ఒకటి పెట్టించండి. 450 బీమ్ లోతులో ఐదు రింగులు. 8 ఎంఎం రింగు ఒకటి సుమారు 0.9 మీటరు, 360 గ్రాములు. జాయింట్‌కు ఐదు, 12 పిల్లర్లు, మూడు స్లాబులు, మొత్తం 180 రింగులు. 65 కిలోల స్టీలు. మొత్తం ఇంటికి అంతే. టైల్స్ షాపులో బేరం ఆడకుండా వదిలేసే మొత్తం కన్నా తక్కువ.

రింగు కొసలు 135 డిగ్రీలు లోపలికి వంగాలి, వంగాక తోక కనీసం 65 ఎంఎం ఉండాలి. 90 డిగ్రీల కొక్కెం కవరు ఊడగానే విప్పుకుంటుంది. కొక్కేలన్నీ ఒకే మూలకు రాకుండా రింగు రింగుకూ మూల మార్చండి.

పట్టవు అనే మాట ఎందుకొస్తుందంటే, బీమ్ పంజరం మొత్తం సెంట్రింగ్ మీద కట్టేసి ఒకేసారి లోపలికి దించుతారు. అప్పటికి పిల్లర్ రాడ్ల చుట్టూ రింగు దూర్చడానికి దారి ఉండదు. వరస ఇలా మార్చండి. పిల్లర్ ఆపిన చోట కడిగాక, కింది 250 ముక్కకు కావాల్సిన మూడు రింగులను ముందే పిల్లర్ రాడ్లకు పైనుంచి వేసి కట్టండి. తర్వాత బీమ్ కింది రాడ్లు రెండు దిక్కులవీ పెట్టి, వాటి కాళ్లు పైకి నిలబెట్టండి. జాయింట్‌కు కావాల్సిన ఐదు రింగులను పిల్లర్ రాడ్లకు పైనుంచి వేసి ఆ కింది రాడ్ల మీద పేర్చండి. బీమ్ రింగులు తొడగండి. ఇప్పుడు పేర్చిన జాయింట్ రింగులను ఒక్కొక్కటే పైకి లేపి 75 ఎంఎం దూరంలో బైండింగ్ వైర్‌తో కట్టండి. పైనున్న ఒకటి రెండు రింగులు మాత్రం వదులుగా ఉంచండి. ఆఖర్న పై రాడ్లను తెచ్చి కాళ్లు పిల్లర్‌లోకి దించి, మిగిలిన రింగులు లేపి కట్టాలి. రెండు దిక్కుల బీములూ ఒకేసారి నడవాలి కాబట్టి ఇద్దరు మనుషులు ఎక్కువ కావాలి, పిల్లర్‌కు గంట పైన పడుతుంది. కూలి గుత్తకు ఒప్పుకునేటప్పుడే ఇది మాట్లాడుకోండి. లేకపోతే గొడవంతా స్లాబ్ రోజున వస్తుంది.

ఎంత చేసినా ఒక రింగు పట్టని చోట రెండు ముక్కల రింగు వాడొచ్చు. యూ ఆకారం ముక్కకు రెండు కొసలా 135 కొక్కేలు వేసి, తెరిచిన వైపు ఇంకో టై రాడ్ కొక్కేలతో తగిలించాలి. ఊరికే యూ పెట్టి వదిలేస్తే అది రింగు కాదు.

జాయింట్‌కు ఆనుకున్న బీమ్ కొసలో మొదటి రింగు పిల్లర్ ముఖం నుంచి 50 ఎంఎం లోపే ఉండాలి. అక్కడి నుంచి 820 ఎంఎం దాకా, అంటే బీమ్ పనికొచ్చే లోతుకు (కవరు, రింగు తీసేస్తే సుమారు 410) రెట్టింపు దూరం, 95 ఎంఎంకు ఒకటి. పిల్లర్‌లోనూ జాయింట్‌కు పైనా కిందా కనీసం 450 ఎంఎం మేర దగ్గర రింగులు. బీమ్ రాడ్ల ల్యాపింగ్ (రెండు రాడ్లను పక్కపక్కన పెట్టి కలపడం) జాయింట్‌లోనూ, ఈ 820 లోపలా వేయొద్దు. మధ్య పిల్లర్ల దగ్గర రాడ్ ఆగకుండా అటు నుంచి ఇటు పోవాలి. సైట్లో ఎక్కువగా పిల్లర్ మీదనే ల్యాప్ వేస్తారు, లెక్క సులువని.

బాత్రూమ్ సంకెన్ స్లాబ్ కోసం ఒక వైపు బీమ్ ఎనిమిదంగుళాలు దించిన చోట రాడ్ తిన్నగా పోదు. దాన్ని మెలితిప్పి జాయింట్‌లో ఎస్ ఆకారం చేయకండి. రెండు వైపులవీ చివరి పిల్లర్‌లో లాగే విడివిడిగా కాలు వంచి పట్టించాలి. బాల్కనీ బీమ్ పై రాడ్లు మాత్రం పిల్లర్‌లో ఆగకూడదు, లోపలి బీమ్‌లోకి పోవాలి.

జాయింట్ సైజు గురించి ఒక్క మాట. మీ 230 × 300 పిల్లర్ చివరి జాయింట్ ఎం 25లో తట్టుకోగలిగే కోత బలం ఐఎస్ 13920 లెక్కన 5 × 69,000, అంటే 345 కిలోన్యూటన్లు. పైన మూడు 16 రాడ్లు సాగే స్థితిలో 1.25 × 500 × 603, అంటే 377 లాగుతాయి. పిల్లర్‌లో వచ్చే కోత కొంత తీసేస్తే అంచున గట్టెక్కుతుంది. సైట్లో ఎవరో భద్రత కోసమని నాలుగో 16 రాడ్ వేస్తే 503 అవుతుంది, జాయింట్ ఓడిపోతుంది. బీమ్‌లో అదనపు రాడ్ అడగకుండా వేయొద్దనేది ఇందుకే. బీమ్ బలపడితే అది ముందు వంగకుండా భారమంతా పిల్లర్ మీదికి, జాయింట్ మీదికి తోస్తుంది.

సెంట్రింగ్‌కు కాల్చిన ఇంజన్ ఆయిల్ పూసేవాళ్లు రాడ్లు పెట్టకముందే పూయాలి. ఆయిల్ తగిలిన రాడ్‌కు ఈ లెక్కలేవీ వర్తించవు. నల్లరేగడి బురద అంటుకున్నా అంతే. బ్రష్‌తో గీకి, కడిగి పెట్టండి. సన్నని గోధుమరంగు తుప్పు హాని చేయదు, పొరలుగా లేచేది మాత్రం ఉండకూడదు.

పై మిద్దె దగ్గర చాలామంది రేపు ఇంకో అంతస్తు వేస్తామని పిల్లర్ రాడ్లు ఐదారడుగులు వదిలేస్తారు. అవి పదేళ్లు ఎండకూ వానకూ తుప్పుపట్టి, ఆ తుప్పు స్లాబ్ కింది జాయింట్ దాకా పాకుతుంది. వేయడం ఖాయమైతే కావాల్సిన ల్యాప్ పొడవు మాత్రమే వదిలి, సిమెంట్ పాలు పూసి, పలచని కాంక్రీట్ దిమ్మెలో కప్పెట్టండి. వేయకపోతే పిల్లర్ రాడ్లను బీమ్ పై రాడ్ల కిందుగా లోపలికి వంచి ముగించమని మీ ఇంజనీర్ డ్రాయింగ్‌లో విడిగా గీయించండి. అక్కడ పిల్లర్ రాడ్‌కూ, బీమ్ రాడ్‌కూ రెంటికీ పట్టు ఆ ఒక్క మూలలోనే దొరకాలి, పై పిల్లర్ బరువు నొక్కి పట్టుకోవడం కూడా ఉండదు.

ఒకవేళ ఇది చదివే వేరే ఎవరైనా ఇప్పటికే పిల్లర్ బీమ్ అడుగు దాకా పోసేసి ఉంటే, రంధ్రం వేసి కెమికల్‌తో రాడ్ దిగేయడం ఆఖరి దారి. 16 ఎంఎం రాడ్‌కు 20 ఎంఎం రంధ్రం వేసి, ఊది, బ్రష్ చేసి, మళ్లీ ఊది పెట్టాలి. అలా దిగేసిన తిన్నని ముక్క ఎల్ కాలుకు సమానం కాదు. డ్రిల్లింగ్‌లో పిల్లర్ రింగులు తెగే ప్రమాదం ఉంది. ఇంజనీర్ లెక్క వేసి రాసిస్తే తప్ప మేస్త్రీ మాట మీద చేయకండి. దానికన్నా పిల్లర్ పైభాగాన్ని 200, 250 ఎంఎం పగలగొట్టి, రాడ్లు దెబ్బతినకుండా శుభ్రం చేసి కాలు దించడం ఒక రోజు పని. శబ్దం ఎక్కువ, నమ్మకం కూడా ఎక్కువ.